మెరిసేదంతా రేడియం కాదు

ఏ ఊరి బస్టాండుకు వెళ్లినా నంబరు ప్లేట్లు రాసే కొట్టు ఒకటి కనిపిస్తుంది. దాని నుదుట ‘రేడియం వర్క్స్’ అని రంగురంగుల అక్షరాలుంటాయి. ఆ కొట్టంతా గాలించినా రేడియం వీసమెత్తు దొరకదు. ట్రాక్టరు ట్రాలీ వెనక అంటించే ఎర్ర పట్టీ రేడియం, మోటారుసైకిలు మీద దేవుడి బొమ్మ రేడియం, పిల్లలు పడుకునే గది పైకప్పు మీద నక్షత్రం రేడియం, తాతగారి చేతిగడియారంలో ముల్లు రేడియం. చీకట్లో కనబడే ప్రతిదానికీ జనం పెట్టుకున్న పేరు అదొక్కటే. నిజానికి ఈ నాలుగింటిలో రేడియం ఉండే అవకాశం చివరిదానికి మాత్రమే ఉన్నది.

పేరు ఏదైతేనేం అని ఊరుకోవచ్చు. అయితే సెలవులు వచ్చాయంటే చాలు, పిల్లలు ఫోనులో వీడియోలు చూసి చీకట్లో మెరిసే రంగులు, మెరిసే సీసాలు, మెరిసే బొమ్మలు ఇంట్లోనే తయారు చేయడానికి పూనుకుంటున్నారు. సంక్రాంతికి మెరిసే ముగ్గు, వినాయకచవితికి మెరిసే పందిరి, క్రిస్మస్‌కు మెరిసే నక్షత్రం. సరదా మంచిదే. చిక్కు ఎక్కడంటే, ఒకే పేరు కింద నాలుగు రకాల వస్తువులు కలిసిపోవడం వల్ల భయపడనక్కరలేని దానికి పెద్దలు భయపడుతున్నారు, భయపడవలసిన దాన్ని పిల్లల చేతికిస్తున్నారు. రేడియం అంటే కాన్సరొస్తుందట అని పైకప్పు మీది నక్షత్రాన్ని పీకి పారేసే ఇంట్లోనే, మాడిపోయిన ట్యూబ్‌లైటు పగలగొట్టి లోపలి తెల్లపొడి దులుపుకునే కుర్రవాడిని ఎవరూ అడగరు.

ముందు అసలు రేడియం సంగతి చూడాలి. మేరీ క్యూరీ, పియర్ క్యూరీ దంపతులు దీన్ని 1898లో కనుగొన్నారు. దాని కిరణాలు తగిలితే జింకు సల్ఫైడు అనే పొడి రాత్రింబవళ్లు మెరుస్తుందని తెలిశాక, గడియారాల ముళ్లకు, అంకెలకు ఆ రెండూ కలిపిన రంగు పూయడం మొదలుపెట్టారు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం ఆరెంజ్ పట్టణంలో 1917 నుంచి ఈ పని చేసిన ఆడపిల్లలు కుంచె మొన సన్నగా రావడానికి దాన్ని పెదవుల మధ్య పెట్టి తిప్పేవారు. ప్రమాదమేమీ లేదని వారికి చెప్పారు. కొందరు సరదాకు గోళ్లకు, పళ్లకు కూడా ఆ రంగు పూసుకున్నారు. తర్వాత వారి దవడ ఎముకలు పుచ్చిపోయాయి, పలువురు చనిపోయారు. అయిదుగురు స్త్రీలు వేసిన దావా 1928లో పరిహారంతో రాజీ అయింది. కార్మికుల భద్రత చట్టాల చరిత్రలో ఆ కేసుకు పెద్ద పేరే ఉన్నది. చేతిపనిగా మొదలైన మెరుపు రంగు కథలో మొదటి అధ్యాయం ఇదే కనుక, పెద్దల భయాన్ని ఎగతాళి చేయడానికి లేదు.

కాకపోతే 1960ల తర్వాత గడియారాలకు ఆ రంగు వాడడం దాదాపు మానుకున్నారు. ఇవాళ కొట్లో దొరికే నక్షత్రంలోగాని, బొమ్మలోగాని రేడియం లేదు. భయపడవలసింది పెట్టె అడుగున పడివున్న పాత గడియారాన్ని చూసి. అందులోని ముళ్లు ఇప్పుడు మెరవకపోవచ్చు. మెరిసే పొడి ఏళ్ల తరబడి కిరణాల దెబ్బ తిని చచ్చిపోతుంది. రేడియం మాత్రం సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. మెరుపు పోయింది కదా అని అద్దం విప్పి ఆ పూతను గీకడం చేయరాని పని. మూసి ఉంచినంతకాలం దానివల్ల వచ్చే ఇబ్బంది తక్కువ. గీకిన పొడి ముక్కులోకి, నోట్లోకి పోతేనే అసలు హాని.

ఇక ఇవాళ్టి మెరుపుకు ఆధారం వేరే పొడి. గడియారాలకు మెరుపు రంగులు చేసే జపాను సంస్థ నెమోటో, కిరణాల ప్రమాదం లేని పదార్థం కోసం వెతికి 1993లో స్ట్రాన్షియం అల్యూమినేట్ అనే దాన్ని బయటికి తెచ్చింది. అందులో యూరోపియం, డిస్ప్రోసియం అనే రెండు లోహాలు పప్పులో ఉప్పంత కలుస్తాయి. స్ట్రాన్షియం కొత్తదేమీ కాదు, దీపావళి టపాకాయల్లో ఎర్రని మంట ఇచ్చేది దాని లవణాలే. పాత జింకు సల్ఫైడు ఎండ చూపించాక కొద్దిసేపట్లోనే మసకబారేది. ఈ కొత్త పొడి సుమారు పది రెట్లు ఎక్కువ వెలుగుతో, పది రెట్లు ఎక్కువ సేపు ఉంటుంది. దానంతట అది వెలుగు పుట్టించదు, తాగిన వెలుగునే నెమ్మదిగా విడుస్తుంది. వేసవిలో పొద్దంతా కాగిన బండ రాత్రి పడుకోబోతే వీపుకు వేడి తగులుతుంది కదా, ఇది వెలుగు విషయంలో అటువంటి బండ. ఎండ చూపకుండా పెట్టెలో దాచి ఉంచితే ఒకటి రెండు రోజులకు చల్లారిపోతుంది. దీనికి తెలుగులో ‘వెలుగుపొడి’ అని పేరు పెట్టుకుంటే సగం గందరగోళం తీరుతుంది.

ఈ పొడితో ఇంట్లో రంగు చేసుకోవడం కష్టం కాదు. అయితే చాలామంది పిల్లల ప్రయత్నం మొదటి వారంలోనే దెబ్బతింటున్నది. కారణం నీళ్లు. స్ట్రాన్షియం అల్యూమినేట్‌కు తడి పడదు. మామూలు పొడిని నీళ్లల్లోనో, నీటితో చేసిన తెల్లగమ్ములోనో కలిపితే ఆ రాత్రి మెరుస్తుంది, రోజులు గడిచేకొద్దీ గుణం పోగొట్టుకుంటుంది. పిల్లవాడు పొడి మోసమనుకుంటాడు, అమ్మినవాణ్ని తిడతాడు. నీళ్లకు తట్టుకునేలా పైపూత వేసిన పొడి వేరేగా దొరుకుతుంది, కొనేటప్పుడే అడగాలి. అది లేనప్పుడు రంగులేని వార్నీషులోగాని, రెండు ట్యూబుల్లో వచ్చే గమ్ములోగాని కలపాలి. చిన్న పనికి గాజుల కొట్టులో అమ్మే రంగులేని గోళ్లరంగు చాలు. బరువులో మూడు పాళ్ల వార్నీషుకు ఒక పాలు పొడి సరిపోతుంది. పొడి బరువైనది కనుక అడుక్కు దిగుతుంది, కుంచె ముంచే ప్రతిసారీ కలుపుతూ ఉండాలి. నున్నగా రావాలని రోట్లో వేసి నూరడం ఇంకొక పొరపాటు. నూరినకొద్దీ వెలుగు తగ్గుతుంది, గరుకుగా ఉన్న పొడే ఎక్కువ మెరుస్తుంది.

అడుగున తెల్లరంగు పూత వేసి, అది ఆరాక దీన్ని రెండు మూడు సార్లు పూస్తే వెలుగు బాగా పెరుగుతుంది. నల్ల చెక్క మీద నేరుగా పూస్తే సగం వెలుగును ఆ నలుపే మింగేస్తుంది. ఆరిన తర్వాత పది నిమిషాలు ఎండలో పెట్టి చీకటి గదిలోకి తేవాలి. పొడికి కావలసింది నీలి వెలుగు, అంతకు మించిన అతినీల వెలుగు. అవి ఎండలో పుష్కలం, తెల్లని ఎల్‌ఈడీ దీపంలో కొంత మేర ఉంటాయి. ఎర్ర దీపం ముందు గంటల తరబడి పెట్టినా ఫలితం శూన్యం. మొదటి కొన్ని నిమిషాలు ధగధగలాడి, తర్వాత వేగంగా తగ్గి, చీకటికి అలవాటుపడిన కంటికి తెల్లవారుజాము దాకా మసగ్గా కనిపిస్తుంది. రాత్రంతా దీపంలా వెలుగుతుందని పొట్లం మీద రాసిన మాటను పూర్తిగా నమ్మనక్కరలేదు.

వార్నీషు, గోళ్లరంగు రెండూ నిప్పు అంటుకునే సరుకులు. పొయ్యి దగ్గరగాని, దేవుడి దీపం దగ్గరగాని కూర్చుని కలపరాదు. తలుపులు తెరిచి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పొడి ఎగరకుండా కలపాలి. పాలు తాగే పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలకు, అన్నం తినే పాత్రలకు పూయకూడదు.

బొమ్మలకేనా ఇది అంటే, కాదు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఇంట్లో టార్చిలైటు పిడికి నాలుగు చుక్కలు, స్విచ్చిబోర్డు చుట్టూ ఒక గీత, మేడమెట్ల అంచుకు ఒక పట్టీ, పశువుల కొట్టం గడియకు ఒక బొట్టు పెట్టుకుంటే తడుముకోవడం తప్పుతుంది. ముసలివాళ్లకు ఇది నిజంగా ఉపకారం. అయితే ఇది తానెక్కడున్నదో చెబుతుందేగాని పక్కనున్నది చూపించదు. చెప్పులకు వెలుగుపొడి పూసుకుని రాత్రి మడికి నీళ్లు కట్టడానికి బయలుదేరితే గట్టు మీది పాముకు ఆ చెప్పు కనబడవచ్చు, చెప్పు తొడుక్కున్నవాడికి పాము కనబడదు. టార్చి చేత ఉండవలసిందే.

ఇంట్లో చేయకూడని వాటిలో మొదటిది ఆ ట్యూబ్‌లైటే. అందులోని తెల్లపొడి అతినీల కాంతి తగిలినంతసేపే వెలుగుతుంది, చీకట్లో మెరవదు. పగలగొట్టినందుకు దక్కేది గాజుపెంకులు, పాదరసం ఆవిరి. రెండోది తిరునాళ్లలో అమ్మే, వంచితే వెలిగే గాజులు, కడ్డీలు. వాటిలో ఎండను దాచుకోవడం లేదు, రెండు రసాయనాలు కలిసి వెలుగు పుట్టిస్తాయి. లోపలి సన్నని గాజుగొట్టంలో ఒకటి, దాని చుట్టూ మరొకటి. గొట్టం చిట్లి అవి కలిసిన క్షణం నుంచి ఖర్చవడం మొదలై కొన్ని గంటలకు అయిపోతుంది. చల్లని చోట ఉంచితే కాస్త ఎక్కువసేపు, వేడిలో కాస్త ఎక్కువ వెలుగుతో, అంతే తేడా. వీటిని కత్తిరించి ఆ ద్రవాన్ని సీసాలో పోసి దీపం చేయమని చెప్పే వీడియోలకు లెక్కలేదు. కంట్లో పడితే భగ్గుమంటుంది, గాజుముక్కలు వేళ్లకు గుచ్చుకుంటాయి. కూల్‌డ్రింకులో వంటసోడా, పుండ్లు కడిగే పెరాక్సైడు పోస్తే సీసా మెరుస్తుందన్నది శుద్ధ అబద్ధం. ఆ వీడియో తీసినవాళ్లు చాటుగా ఇటువంటి కడ్డీ ద్రవమే పోసి ఉంటారు.

దొంగనోట్లు పట్టే నీలి లైటు కింద వెలిగేవి మరో జాతి. స్పిరిటులో కలిపిన పసుపు, బట్టల సబ్బుపొడి ఆ లైటు పడినంతసేపు వెలుగుతాయి, లైటు తీస్తే ఆరిపోతాయి. నోటు మీది వరుస నంబరు మెరిసేదీ ఇదే పద్ధతిలో. పైసా ఖర్చు లేని ఆట ఇది. ఆ లైటు కంట్లోకి కొట్టుకోకుండా చూసుకుంటే చాలు.

ఇప్పుడు ఈ ప్రాంతానికి బాగా దగ్గరి సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో దొరికే ముగ్గురాయి, అంటే బెరైటీస్, ప్రపంచంలోనే పేరు మోసిన నిక్షేపం. చమురు బావులు తవ్వేచోట బరువైన బురద తయారు చేయడానికి ఆ రాయి పొడి దేశదేశాలకు పోతున్నది. చేతిలోకి తీసుకుంటే చూపుకు మించిన బరువు తోస్తుంది. అదే బరువు చూసి 1602 ప్రాంతంలో ఇటలీ దేశం బొలోనా నగరంలో ఒక చెప్పులు కుట్టేవాడు భ్రమపడ్డాడు. అతని పేరు విన్సెంజో కాషియరోలో. రాళ్ల నుంచి బంగారం తీయవచ్చని నమ్మిన కాలం అది. ఊరి పక్క కొండ మీద ఇదే జాతి రాయి అతనికి దొరికింది. ఇంత బరువున్నదంటే లోపల వెండో బంగారమో ఉండకపోదని బొగ్గులతో కలిపి కొలిమిలో కాల్చాడు. బంగారం రాలేదుగాని, పగలు ఎండలో పెట్టిన ఆ కాలిన రాయి రాత్రి నిప్పుకణికలా మెరిసింది. ఎండను దాచుకుని మెరిసే పదార్థాన్ని మనిషి తన చేత్తో తయారు చేసినట్టు చరిత్రకెక్కిన మొదటి సందర్భం ఇదే. వెలుగు ఎలా వచ్చిందని గెలీలియో కాలపు పండితులు వాదించుకున్నారు. ఆ రాతిలో లేశమాత్రంగా ఉన్న రాగి దీనికి కారణమని 2012లోగాని తేలలేదు.

రాశులు రాశులుగా అదే జాతి రాయి పడివున్న చోట ఈ కథ పిల్లలకు తెలియకపోవడం విచారకరం. తెలిసినంత మాత్రాన కొలిమి ముట్టించడం మాత్రం కూడదు. ముగ్గురాయి ముగ్గురాయిగా ఉన్నంతకాలం నీళ్లలో కరగదు కనుక విషం కాదు. కడుపు ఎక్స్‌రేకు ముందు ఆసుపత్రిలో తాగించే తెల్లని ద్రవం దానిదే. బొగ్గుతో కాలిస్తే అది బేరియం సల్ఫైడుగా మారుతుంది. ఇది కరుగుతుంది, కడుపులోకి పోతే ప్రాణానికే ముప్పు. తడి గాలి తగిలితే కుళ్లిన కోడిగుడ్డు కంపు కొట్టే వాయువు వస్తుంది, అదీ విషమే. కాషియరోలో రాయి కూడా ఎన్నాళ్లో మెరవలేదు, గాలికి తడికి చెడిపోయేది. నాలుగు వందల ఏళ్ల కిందట వేరే గతి లేక చేసిన పనిని, మెరుగైన పొడి చిన్న పొట్లంలో ఇంటికి వస్తున్న రోజుల్లో తిరగతోడడం తెలివి కాదు. చూడడానికి రాయి, మెరవడానికి వెలుగుపొడి అని రెంటినీ వేరు పెట్టుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇంట్లో కాదు, రోడ్డు మీద ఉన్నది. బండి వెనక రేడియం అంటించమని పోలీసులు చెప్పినప్పుడు, ఇంట్లో పిల్లవాడు చేసిన మెరుపు రంగు పూస్తే సరిపోతుందని ఎవరైనా అనుకుంటే అది ప్రాణం మీదికి వస్తుంది. ట్రాలీ పట్టీ ఎండను దాచుకోదు. దాని లోపల సన్నని గాజుపూసలో, పట్టకాల వంటి గీతలో ఉంటాయి. ఎదుటి బండి లైటు ఎటు నుంచి పడితే అటే తిప్పి పంపడం వాటి పని. అందుకే దూరం నుంచే డ్రైవరు కంట్లో ఎర్రగా మండినట్టు కనిపిస్తుంది. పొద్దుగూకిన రెండు మూడు గంటలకు వెలుగుపొడిలో మిగిలే మసక కాంతి లారీ హెడ్‌లైటు ముందు సూర్యుడి ముందు మిణుగురే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా దూసుకువస్తుంది. వేరుశనక్కాయల బస్తాలో, గడ్డివామో వేసుకుని దీపం లేకుండా పోయే ఎద్దులబండికి ఆ ఒక్క సెకనే బతుకు.

కనుక ఎద్దులబండికైనా, ట్రాలీకైనా వెనక ఎర్రపట్టీ, ముందు తెల్లపట్టీ కొనే అంటించాలి. అంటించి మరిచిపోతే కూడా ప్రయోజనం లేదు. దుక్కిమట్టి, పేడ పట్టిన పట్టీ గుడ్డిది, వారానికొకసారి తడిగుడ్డతో తుడవాలి. పగిలి, ఎండకు వెలిసినదాన్ని మార్చాలి. గడ్డి కిందికి వేలాడి పట్టీని కప్పేయకుండా మోపు కట్టాలి. రాత్రిళ్లు రోడ్డు మీద పడుకునే పశువుల మెడపట్టీలకు, కొమ్ములకు ఇటువంటి పట్టీ అంటించడం కొన్నిచోట్ల చేశారు, మంచి పద్ధతి. పంచాయతీలు ఒక చుట్ట కొనిపెట్టి ఊళ్లోని బండ్లన్నిటికీ ఒకే రోజు అంటించగలిగితే అయ్యే ఖర్చు ఒక ఫ్లెక్సీ బోర్డు ఖర్చును మించదు. ఫ్లెక్సీలకు ఎన్నడూ నిధుల కొరత రాలేదు కనుక దీనికీ రాకూడదు.

ఇంట్లో రంగు చేసుకునే పిల్లల్ని ఆపవలసిన పనిలేదు. ఏదో ఒక సామాను కొనుక్కుని గోడకు అంటించే కుర్రవాడికన్నా, పొడి ఎందుకు చెడిందో అని రెండోసారి కలిపి చూసే కుర్రవాడే చదువుకున్నట్టు లెక్క. ఎనిమిదో తరగతి సైన్సు అయ్యవార్లు ఒక మధ్యాహ్నం కేటాయిస్తే చాలు. మంగంపేట రాయిముక్క ఒకటి, వెలుగుపొడి పొట్లం ఒకటి, అంగట్లోని నోట్ల లైటు ఒక గంటకు అరువు, ట్రాలీ పట్టీ ముక్క ఒకటి. కిటికీలు మూసి, ఒక్కొక్కదాని మీద టార్చి వేసి తీసి, ఏది ఆరిందో ఏది మిగిలిందో పిల్లల చేతనే రాయించాలి. ఆ సాయంత్రం ఇళ్లకు పోయేటప్పుడు తమ ఇంటి బండి వెనక పట్టీ ఉన్నదీ లేనిదీ, ఉంటే మట్టి కొట్టుకున్నదీ లేనిదీ చూసి మర్నాడు చెప్పమనాలి.